ఎంగిలి కాని పంపు

ఉబ్బసంతో బాధపడుతున్న ఒక ఊరి జనానికి, ఖరీదైన మందును రోజూ రెండు పూటలా శ్రద్ధగా గాలిలో కలిపేయడం నేర్పించిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే పరవాలేదు, ఇప్పుడు మీరు చదువుతున్నది ఆయన రాసిందే. ఆ పని ఊరికే కూడా చేయలేదు. నెలనెలా జీతం తీసుకుని, ఉతికిన తెల్లకోటు తొడుక్కుని, చిరునవ్వుతో చేశాను.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో ఆ గుండ్రటి గాజు భవనం లేచింది. దాని చుట్టూ ఇంకా ఏవేవో లేస్తాయని అందరూ చెప్పుకునేవారు కానీ నాకు కనిపించినంతవరకు లేచేది దుమ్మే. ఒక పక్క బండలు పేల్చేవారు, ఇంకో పక్క కంకర మిల్లులు ఆడేవి, మధ్యలో లారీలు తిరిగేవి. కొండాపూర్ రోడ్డు మీద డాక్టర్ వసుంధర గారి ఛాతీ దవాఖానకు పొద్దున్నే వచ్చేవాళ్లలో సగం మంది తలలు నెరిసినవో దుమ్ము పట్టినవో కడిగితే గాని తెలిసేది కాదు.

నేనప్పుడే ఫార్మసీ చదువు ముగించి గుంటూరు జిల్లా నుంచి వచ్చి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఒక గదిలో దిగినవాణ్ణి. వసుంధర గారు నన్ను పనిలో పెట్టుకున్న రోజు ఒకే ఒక్క మాట చెప్పారు.

"చూడు ప్రసాద్, మందు రాసుడు నా పని. ఆ మందు ఊపిరితిత్తుల్దాంక పోయేటట్టు చూసుడు నీ పని. నాకు ఒక్కొక్కరికి చూపించేంత టైం లేదు."

"అలాగేనండి మేడమ్, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను. ఆవిడ నిజంగానే నిశ్చింతగా ఉన్నారు. కథంతా అక్కడే ఉంది.

నా పని కష్టమైనదేమీ కాదు. ఉబ్బసం పంపు, అదే ఇన్‌హేలర్, మీరు చూసే ఉంటారు. దాన్ని బాగా కదపాలి, ఛాతీలోని గాలి బయటికి వదలాలి, పంపు మూతిని పెదవులతో గట్టిగా బిగించాలి. నెమ్మదిగా గాలి పీలుస్తూనే పంపు నొక్కాలి, తర్వాత కాసేపు ఊపిరి బిగపట్టాలి. ఈ అయిదారు పనుల్లో ఏ ఒక్కటి తప్పినా మందు నాలుక మీదో బుగ్గలోనో ఆగిపోతుంది. నేర్పడానికి కంపెనీవాళ్లు మందు లేని ఖాళీ పంపు ఒకటి ఇచ్చారు. ఒకటే ఇచ్చారు. ఇంకా కావాలంటే "వచ్చేసారి తప్పకుండా సార్" అని ఆ కంపెనీ అబ్బాయి వచ్చిన ప్రతిసారీ అనేవాడు.

నా మొదటి శిష్యురాలు అంజమ్మ.

కొండాపూర్ పాత ఊరి మనిషి. యాభై దాటిన వయసు, నుదుట పెద్ద బొట్టు, నడుముకి చిన్న గుడ్డసంచి. ఆ ఊరి ఆడవాళ్లు బతుకమ్మ ఆడితే పాట ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ ముందు పాడాలి, చుట్టూ తిరుగుతున్నవాళ్లు అందుకోవాలి. పెళ్లయి ఆ ఊరు వచ్చినప్పటి నుంచీ అదే వరస. కిందటేడు పాట సగంలో దగ్గు తెర వచ్చి కూలబడిపోయింది. పక్కనే ఉన్న తోడికోడలు సత్తెమ్మ పాట అందుకుని చివరిదాకా పాడేసింది.

"మా యారాలు గొంతు ఎట్లుంటదో ఎరికేనా సారూ? రేకుల తలుపు తెరిసినట్టుంటది" అంది అంజమ్మ, ఆ తోడికోడలు పక్కన ఉండగానే. "ఈయేడు బతుకమ్మకు పాట నేనే ఎత్తుకోవాలె. గందుకే వచ్చిన. తగ్గుతదా?"

"తప్పకుండా తగ్గుతుందండి" అన్నాను.

సత్తెమ్మ నవ్వింది. "తగ్గనియ్యి సారూ. నాకు గా పాటలన్నీ యాదుండవు కూడ" అంది.

నేను గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టాను. పంపు కదిపాను, గాలి వదిలాను, మూతి బిగించాను, నొక్కాను, ఊపిరి బిగపట్టాను. పుస్తకంలో ఉన్నట్టే చేశాను, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. తర్వాత పంపు మూతిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, "ఇప్పుడు మీరు చేసి చూపించండమ్మా" అని అందించాను.

అంజమ్మ చేతులు వెనక్కి లాక్కుంది.

"ఏందిది?"

"పంపు అండి. మీరు కూడా ఒకసారి..."

"నువ్వు నోట్ల పెట్టుకున్నది నాకిస్తున్నవా?"

"స్పిరిట్‌తో తుడిచానండి."

"తుడిస్తే ఎంగిలి పోతదా? మా ఇంట్ల మంచినీళ్ల చెంబు సుత నోటికి ఆనియ్యం. పైకెల్లి పోసుకుంటం. సదువుకున్నోనివి, నీకు మీ ఇంట్ల చెప్పలేదా?"

వరసలో కూర్చున్నవాళ్లందరూ తలలూపారు. ఒక ముసలాయన "నాకైతే వద్దు బిడ్డా, గోలీలే ఇయ్యి" అన్నాడు. సత్తెమ్మ "ఊకో అక్కా, పిలగాడు, తెల్వక చేసిండు" అని నా తరఫున క్షమాపణ కూడా చెప్పేసింది.

నా ముఖం మాడిపోయింది. ఎందుకంటే నాకు మా ఇంట్లో చెప్పారు. బాగా చెప్పారు. గ్లాసు అంచుకి నా పెదవి తగిలిందంటే మా నాయనమ్మ ఆ గ్లాసును పెరట్లోకి విసిరేసి, నా వీపు మీద ఒకటి వేసి, ఆ తర్వాత దాన్ని చింతపండుతో తోమించేది. చెంబెత్తి గుక్క తిప్పుకోకుండా, గొంతు కదలకుండా తాగడంలో మా వీధిలో నన్ను మించినవాడు లేడు. అలాంటివాణ్ణి పట్టుకుని ఎంగిలి తెలియదంటే ఎలా ఉంటుంది చెప్పండి?

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. ఆ మెరుపు అప్పుడే ఏ కరెంటు స్తంభం మీదో పడిపోయి ఉంటే ఎంత బాగుండేది!

"ఆగండాగండి. ఇలా చేద్దాం" అని, తల వెనక్కి వంచి, నోరు బాగా తెరిచి, పంపును జానెడు ఎత్తున పట్టుకుని, చెంబుతో నీళ్లు పోసుకున్నట్టుగా నొక్కాను. పంపు తుస్సుమంది. "నా నోటికి తగల్లేదు కదా? ఇప్పుడు మీరు కూడా ఇలాగే చేసి చూపించండి. ఇది ఇక్కడ నేర్చుకోవడానికి మాత్రమే. ఇంటికెళ్లాక మీ పంపును మాత్రం నోట్లో పెట్టుకుని పెదవులు బిగించాలి, సరేనా?"

అంజమ్మ ముఖం వికసించింది. తల వంచింది, పంపు ఎత్తింది, తుస్సుమనిపించింది. ఆ ఒడుపు చూస్తే నాకే ముచ్చటేసింది.

మీరు ఇక్కడ ఒకటి గమనించాలి. "ఇంటికెళ్లాక నోట్లో పెట్టుకోవాలి" అని నేను చెప్పాను. కోర్టులో నిలబెట్టినా ఇదే చెబుతాను. మొదటి వారం ప్రతి ఒక్కరికీ చెప్పాను. తర్వాత జనం పెరిగారు. ఆ తర్వాత ఏదో ఒక రోజు, బయట లారీ మోతలోనో లోపల దగ్గుల మోతలోనో, ఆ వాక్యం నా పాఠంలోంచి జారి కిందపడిపోయింది. తల వంచడం మాత్రం జారలేదు. దానికి బోలెడు గిరాకీ ఉండేది మరి.

ఊపిరి బిగపట్టే ముచ్చట కూడా చెప్పాలి. ఎంతసేపు బిగపట్టాలో తెలియాలని నేను పైకి అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. వాళ్లు కూడా నాతోపాటు హుషారుగా, గొంతెత్తి లెక్కపెట్టేవారు. గదంతా చిన్నబడిలా మారుమోగిపోయేది. నోటితో అంకెలు చదువుతూ ఊపిరెలా బిగపడతారని మీరు అడుగుతున్నారు. అప్పుడు అడగడానికి మీరు లేరు.

నా పేరు పాకిపోయింది. "గా దవాఖానల ఎంగిలి గాని పంపు ఉన్నదట" అని మియాపూర్ నుంచి, లింగంపల్లి నుంచి కూడా వచ్చేవారు. వసుంధర గారు ఒకరోజు వరస చూసి "పర్వాలేదే, నిన్ను బాగా ఇష్టపడుతున్నరు" అన్నారు. ఆ రాత్రి గదికి వెళ్లి, ఇక్కడే ఉండిపోతానని ఇంటికి ఉత్తరం రాశాను.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. ఎవరికీ జబ్బు తగ్గడం లేదు.

"ఇంత మంచి మందు, ఎందుకు పనిచేస్తలేదు?" అని వసుంధర గారు తల పట్టుకునేవారు.

"వానాకాలం కదండి మేడమ్, చెమ్మ" అనేవాణ్ణి నేను. వానలు కాస్త తెరిపిచ్చాక "కంకర మిల్లులండి" అన్నాను. ఆ మిల్లు యజమానులను మనసులో ఎన్ని తిట్లు తిట్టానో! వాళ్లు ఎక్కడున్నా నన్ను మన్నించాలి. ఆ తిట్లలో సగం నావి.

మేడమ్ మందు మోతాదు పెంచారు. మందు త్వరగా అయిపోతోందని జనం మళ్లీ మళ్లీ కొత్త పంపుల కోసం రావడం మొదలైంది. అదీ నా ఖ్యాతి కిందే జమ వేసుకున్నాను.

భాద్రపదం చివరికొచ్చింది. ఒకరోజు పొద్దున సత్తెమ్మ భుజం పట్టుకుని అంజమ్మ లోపలికి వచ్చింది. నాలుగు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. వసుంధర గారు వెంటనే ముఖానికి మాస్కు పెట్టి మిషనుతో మందు పట్టించారు. కాసేపటికి అంజమ్మ కాస్త తేరుకుంది. అప్పుడు మేడమ్ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"అంజమ్మా, నిజం చెప్పు. పంపు రోజూ వాడుతున్నవా?"

"ఒక్క పూట సుత ఇడ్సిపెట్టలే డాక్టరమ్మా. మైసమ్మ తోడు."

"మరి ఎందుకు తగ్గుతలేదు? జర నా ముంగట చేసి చూపియ్."

అంజమ్మ నడుము సంచిలోంచి పంపు తీసింది. నేను తలుపు దగ్గర నిలబడి, నా శిష్యురాలి పనితనం మేడమ్ చూడబోతున్నారని కాస్త ఛాతీ విరిచాను. అంజమ్మ తల వెనక్కి వంచింది. నోరు తెరిచింది. పంపును జానెడు ఎత్తున పట్టి తుస్సుమనిపించింది. నోరు మూసి, చప్పరించి, మింగింది. తర్వాత గొంతెత్తి అంకెలు లెక్కపెట్టింది.

అంతటితో అయిపోయినా బాగుండేది. పక్కనున్న సత్తెమ్మ చెయ్యి చాచి, "అక్కా, ఇటియ్యి, నాకు సుత పొద్దుగాల్నుంచి గొంతు గరగరంటుంది" అని పంపు తీసుకుని తనూ ఒకటి కొట్టుకుంది.

వసుంధర గారు సత్తెమ్మ చేతిలోంచి పంపు తీసుకున్నారు.

"గీ పంపు ఎంతమంది కొట్టుకుంటరు?"

"అందరికి ఇస్త అమ్మా. దగ్గొచ్చినోళ్లు అడిగితే లేదంటనా? మా ఆటో యాదగిరి కొట్టుకుంటడు, పక్కింటోళ్ల కోడలు కొట్టుకుంటది. ఎంగిలయితే కాదు గద" అంది అంజమ్మ. మందు ఎందుకు త్వరగా అయిపోతోందో నాకు అప్పుడు తెలిసింది.

"గిట్ల ఎవరు నేర్పిండ్రు?"

తోడికోడళ్లిద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగి, ఎంతో ప్రేమగా చూపించారు. "ఈ సారే! శాన మంచిగ నేర్పిండు."

"ప్రసాద్, ఇటు రా" అన్నారు మేడమ్. "నువ్వు చేసి చూపియ్."

ఆ క్షణంలో నాకు అంతా అర్థమైపోయింది. జారిపోయిన వాక్యం, తగ్గని దగ్గులు, అనవసరంగా తిట్టిన మిల్లులు, అన్నీ ఒకేసారి కళ్ల ముందు నిలబడ్డాయి. కనీసం ఇప్పుడైనా సరిగ్గా చేసి పరువు నిలబెట్టుకుందామనుకున్నాను. ఖాళీ పంపు తీసుకున్నాను. నోట్లో పెట్టుకోవాలి, పెదవులు బిగించాలి అని మనసులో గట్టిగా అనుకున్నాను. నా తల వెనక్కి వంగింది. నా చెయ్యి జానెడు పైకి లేచింది. తుస్సుమంది. అన్ని నెలలుగా అదే పని చేసిన చెయ్యి నన్ను అడగనైనా అడగలేదు.

"దీంట్ల మందుంటే నాలుక మీదనే పడుతుండె" అన్నారు మేడమ్, మెల్లగా. "ఊపిరితిత్తులు నాలుక మీద ఉంటయా ప్రసాద్?"

"ఉండవండి."

"ఫార్మసీల గదే చెప్పిండ్రా?"

"అదే చెప్పారండి."

ఆవిడ తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. అంజమ్మ మాత్రం మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "అంటే... ఇన్ని దినాలు మందు లోపటికి పోనే లేదా?" అని అడిగింది.

"పోలేదమ్మా" అన్నాను.

"నేనేమనుకున్ననో ఎరికేనా సారూ? మందు మంచిదే, సారు మంచిగనే నేర్పిండు, నా ఊపిరే చెడిపోయిందనుకున్న. గందుకే మొన్నటిసంది మా యారాలును కూసోబెట్టి పాటలన్నీ నేర్పిస్తున్న. ఇగ నాతోని కాదని."

కోపంగా అనలేదు. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచింది అదే. నా తప్పును ఆవిడ తన ఛాతీ మీద వేసుకుని ఇన్ని నెలలు మోసింది. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. సత్తెమ్మ అది చూసింది, చూడనట్టు పక్కకు తిరిగింది.

మర్నాటి నుంచి నా పాఠం మారింది. ఎవరి పంపు వాళ్లు తెచ్చుకోవాలి, ఎవరి పంపుతో వాళ్లే నేర్చుకోవాలి. ఖాళీ పంపు నా ఒక్కడిది. చెప్పడానికి ఇంత సులువు. కానీ నేర్చుకున్నవాళ్లు మరిచిపోవాలి కదా!

"మొన్నటిదాంక పైకెల్లి కొట్టుమన్నవ్, ఇయ్యాల నోట్ల పెట్టుమంటవ్. రేపు ఇంకేమంటవో ఎవరికెరుక? నీ మాటకు ఒక పద్ధతుండాలె" అని మొదట గోలీలడిగిన ముసలాయన నన్ను నిలదీశాడు.

అంజమ్మ పంపును పెదవుల దాకా తెచ్చి ఆపేసేది. "నోటికి ఆన్తే మనసొప్పుతలేదు సారూ. ఎంత నాదైనా ఎంగిలి ఎంగిలే గద."

నా తెలివి జీవితంలో అక్కరకొచ్చింది ఆ ఒక్క పూటే. "అమ్మా, మీరు పొద్దున్నే పళ్లు దేనితో తోముకుంటారు?" అని అడిగాను.

"వేపపుల్లతోని."

"దాన్ని పైనుంచి తోముకుంటారా?"

ఆవిడ నవ్వింది. "పిచ్చా ఏంది? నోట్లనే పెట్టుకుంట."

"మీ వేపపుల్ల సత్తెమ్మగారికి ఇస్తారా?"

"ఛీ! ఎట్ల ఇస్త?"

"ఇది కూడా వేపపుల్లేనమ్మా. ఎవరిది వాళ్లదే. నోట్లోనే పెట్టుకోవాలి. ఆటో యాదగిరికి ఇవ్వకూడదు."

అంజమ్మ పంపును అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత పెదవుల మధ్య పెట్టుకుని బిగించింది. పీల్చింది, నొక్కింది. ఈసారి తుస్సుమన్న చప్పుడు లోపలికి పోయింది. నేను అంకెలు లెక్కపెట్టకుండా వేళ్లు మాత్రం చూపించాను. ఆవిడ బుగ్గలు బిగించి, కళ్లు పెద్దవి చేసి నన్నే చూస్తూ ఊపిరి ఆపింది.

వేపపుల్ల పాఠం బాగా పనిచేసింది. ముసలాయన విషయంలో మరీ ఎక్కువ పనిచేసింది. వారం తర్వాత చూస్తే ఆయన పంపు మూతి మీద పంటిగాట్లున్నాయి.

వేపపుల్ల పాఠం చెప్పిన రోజే నాకు ఇంకో సంగతి తెలిసింది. "రేపటిసంది బతుకమ్మ సురువు. మొదటి దినాన్ని ఏమంటరో ఎరికేనా సారూ?" అని అంజమ్మ వెళ్తూ వెళ్తూ అడిగింది. తెలియదన్నాను. "ఎంగిలిపూల బతుకమ్మంటరు. నాకు నీతోని ఎంగిలి పాఠం గప్పుడే రాసిపెట్టి ఉన్నది" అని నవ్వి, మెట్ల దగ్గర ఒక్కసారే ఆగి దిగిపోయింది.

పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం నేను కొండాపూర్ వెళ్లాను. ఎవరూ పిలవలేదు. గదిలో కూర్చోలేక వెళ్లాను. ఇళ్ల మధ్య ఖాళీ జాగాలో తంగేడు, గునుగు పూల బతుకమ్మలు వరసగా పెట్టి, చుట్టూ ఆడవాళ్లు నిలబడ్డారు. దూరంగా మగవాళ్లలో నిలబడ్డాను. అంజమ్మ పట్టుచీర కట్టుకుంది. సత్తెమ్మ ఆవిడ పక్కనే ఉంది.

అంజమ్మ పాట ఎత్తుకుంది. ఆ గొంతు నేను అదే మొదటిసారి వినడం. దగ్గు లేకుండా ఆవిడ గొంతు ఎలా ఉంటుందో ఇన్ని నెలల్లో నాకు తెలియనే తెలియదు. కాస్త జీరగా, తడబాటు లేకుండా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు అందుకున్నారు. చప్పట్లు కలిశాయి, వలయం కదిలింది. నేను మాత్రం పాట వినడం లేదు, ఆవిడ ఊపిరి వింటున్నాను.

చాలాసేపు బాగానే సాగింది. తర్వాత ఒక చరణం చివర గొంతు సన్నబడింది. ఇంకో మాట పాడి ఆగిపోయింది. చప్పట్లు ఆగాయి. అందరూ సత్తెమ్మ వైపు చూశారు. పాటలన్నీ ఇప్పుడు ఆమెకు వచ్చు కూడా. సత్తెమ్మ మాత్రం పెదవి విప్పలేదు. తోడికోడలి నడుము సంచి వైపు చూసింది, అంతే.

అంజమ్మ పంపు తీసింది. అంతమంది మధ్య, బతుకమ్మల ముందు నిలబడి, నోట్లో పెట్టుకుని పెదవులు బిగించింది. పీలుస్తూ నొక్కింది. ఊపిరి బిగపట్టింది. దూరంగా నేనూ ఊపిరి బిగపట్టాను. కాసేపటికి అదే పని మళ్లీ ఒకసారి చేసి, పంపును సంచిలో దోపుకుని, ఆగిన మాట దగ్గరే పాట మళ్లీ ఎత్తుకుంది.

చివరిదాకా ఆవిడే పాడింది. నేను పక్కకు వెళ్లి ముక్కు చీదుకున్నాను. దుమ్ము అని ఎవరైనా అనుకుని ఉంటారు.

ఆట అయ్యాక అంజమ్మ నన్ను చూసి దగ్గరికి పిలిచింది. చేతిలో సత్తు పిండి పెట్టింది. అది గొంతుకు అడ్డం పడి నేను ఉక్కిరిబిక్కిరవుతుంటే నీళ్ల చెంబు అందించింది. నేను మర్యాదస్తుణ్ణి కదా, తల వెనక్కి వంచి, చెంబును జానెడు ఎత్తున పట్టుకుని, నోరు తెరిచాను.

"ఆగు సారూ!" అని అరిచింది అంజమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ ఇటు తిరిగారు. "గట్ల పైకెల్లి పోసుకుంటే లోపటికెట్ల పోతది? నాలుక మీద్నే పడ్తది. నోట్ల పెట్టుకుని మూతి బిగియ్యి!"

"ఎంగిలవుతుందేమోనమ్మా..."

"కానియ్యి. గా చెంబు ఇగ నీదే. వేపపుల్ల అనుకో."

ఆడవాళ్ల నవ్వుతో ఆ జాగా దద్దరిల్లిపోయింది. అందరికంటే గట్టిగా వినిపించింది సత్తెమ్మ నవ్వు. రేకుల తలుపు సంగతి అంజమ్మ ఉన్నమాటే చెప్పిందని నాకు అప్పుడు తెలిసింది. నేను చెంబు నోటికి ఆనించి, పెదవులు బిగించి, అందరి ముందూ బుద్ధిగా నీళ్లు తాగాను.

ఆ చెంబు ఇంకా మా ఇంట్లో ఉంది. దాని మీద చెయ్యి వేసి ఆనాడే ప్రమాణం చేశాను: నోటితో ఒకటి చెబుతూ చేత్తో ఇంకొకటి చూపించను, ఈ జన్మలో దేన్నీ జానెడు ఎత్తు నుంచి నోట్లో పోసుకోను. ఆ మాట ఈనాటికీ తప్పలేదు. మా ఆవిడ మాత్రం, ఎంగిలి చేస్తానని నన్ను ఇంట్లో ఇంకే గ్లాసూ ముట్టనివ్వదు. పెళ్లికి వెళ్లినా పేరంటానికి వెళ్లినా ఆ చెంబు నా సంచిలో ఉండాల్సిందే.